బొద్దుతనమే బలం కాదు

పల్లెల్లో పసిపిల్లల ఆరోగ్యానికి కొలబద్ద ఒక్కటే. బుగ్గలు నిండుగా ఉండి, కాళ్లూ చేతులూ మడతలు పడి కనిపిస్తే ఆ బిడ్డ బలంగా ఉన్నట్టు లెక్క. సన్నగా ఉండి చురుకుగా తిరిగే బిడ్డను చూస్తే మాత్రం ‘తల్లి సరిగా పెట్టడం లేదు’ అన్న మాట ఇరుగుపొరుగు నుంచి రాక తప్పదు. బొద్దు పిల్లవాడికి సాయంత్రం కాగానే దిష్టి తీస్తారు. సన్నపిల్లకు టానిక్కు సీసా కొనుక్కొస్తారు. కరవులూ కలరాలూ చూసిన తరాల నుంచి వచ్చిన అభిప్రాయం ఇది. దీన్ని ఎగతాళి చేయవలసిన పని లేదు. కాని ఈనాటి పరిస్థితికి ఈ కొలబద్ద చాలదని వైద్య పరిశోధనలు స్పష్టం చేస్తున్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చూస్తే విషయం బోధపడుతుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు మించిన బరువున్నవారు తెలంగాణలో 2015-16లో నూటికి ఒక్కరు కూడా లేరు, 0.7 శాతమే. 2019-21 నాటికి అది 3.4 శాతమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1.2 నుంచి 2.7 శాతానికి పెరిగింది. నూటికి ముగ్గురే కదా అని తీసిపారేయవచ్చు. కాని నాలుగైదేళ్లలోనే ఇంత పెరుగుదల వచ్చిందన్నది గమనార్హం. మరో వింత ఏమంటే, ఇదే సర్వేలో వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం ఉన్నారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు గిడసబారి ఉండగా, పక్కనే కొందరు ఒళ్లు చేస్తున్నారు.

ఇవి రెండు వేరు వేరు జబ్బులనుకోవడం పొరపాటు. చాలా సందర్భాల్లో రెండింటి వేరూ ఒక్కటే. ఆ వేరు కడుపులో బిడ్డ పడిననాటి నుంచి రెండేళ్లు నిండేదాకా సాగే సుమారు వెయ్యి రోజుల్లో ఉంది.

కడుపులోనే పునాది

ఈ సంగతి మొదట బయటపడింది మన దేశంలో కాదు, హాలెండులో. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆధీనంలో ఉన్న పశ్చిమ హాలెండుకు తిండిగింజల రవాణా నిలిచిపోయింది. రేషన్ మీద దొరికే తిండి ఒక మనిషికి అవసరమైన దానిలో సగం కూడా లేకుండా పోయింది. ఆ కరవులో కడుపుతో ఉన్న తల్లులకు పుట్టిన మగపిల్లలు 19 ఏళ్ల వయసులో సైన్యం వైద్య పరీక్షకు వచ్చినప్పుడు వారి ఎత్తు, బరువు నమోదయ్యాయి. సుమారు 3 లక్షల మంది వివరాలు పరిశీలించి 1976లో ఫలితాలు ప్రకటించారు. గర్భం తొలి సగంలో తల్లి ఆకలికి గురైతే, ఆ బిడ్డలు పెద్దయ్యాక స్థూలకాయులు కావడం ఎక్కువగా కనిపించింది. గర్భం చివరి నెలల్లోనూ, పుట్టిన తొలి నెలల్లోనూ కరవు చూసినవారిలో స్థూలకాయం తక్కువే ఉంది. ఆకలి చూసిన తల్లి బిడ్డ పెద్దయ్యాక ఒళ్లు చేయడం వినడానికి విడ్డూరమే. కాని లెక్కలు చెప్పింది అదే.

ఇందులో కిటుకు రైతుకు సులభంగానే అర్థమవుతుంది. కరవు చూసిన ఇల్లాలు గింజ దొరికినప్పుడల్లా గాదెలో దాస్తుంది. కడుపులో తిండి చాలని బిడ్డ శరీరం కూడా అలాగే తయారవుతుంది. ఉన్న కొద్ది తిండినీ ముందు మెదడుకు పంపి, కండను తగ్గించుకుని, దొరికినదాన్ని కొవ్వుగా దాచుకోవడం నేర్చుకుంటుంది. పుట్టిన తరువాత కరవు లేకపోయినా ఆ అలవాటు పోదు.

పుణె పల్లెల పాఠం

మన దేశపు పల్లెల్లో దీనికి సాక్ష్యం పుణె దగ్గర దొరికింది. అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆయన బృందం 1993లో ఆరు గ్రామాల్లో గర్భిణులను పరిశీలించడం మొదలుపెట్టారు. పొలం పనులు చేసుకునే సామాన్య రైతు కుటుంబాల స్త్రీలు వీరు. వారికి పుట్టిన బిడ్డలు సగటున 2.7 కిలోలు తూగారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ నగరంలో పుట్టిన బిడ్డల బరువు సగటున 3.5 కిలోలు. పుణె బిడ్డల్లో కండ తక్కువ, పొట్టలోని అవయవాల పరిమాణం తక్కువ. కాని వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడడానికి బక్కగానే ఉన్నా, ఆ చిన్న ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువని తేలింది.

అదే పరిశీలనలో మరో ఆశాజనకమైన సంగతి వెల్లడైంది. ఆకుకూరలు, పండ్లు తరచుగా తిన్న తల్లులకు, పాలు తీసుకున్న తల్లులకు మెరుగైన బరువున్న బిడ్డలు పుట్టారు. పొలం గట్టున దొరికే గోంగూర, తోటకూర, పెరట్లో కాసే మునగాకు, జామకాయ ఇచ్చే మేలు ఖరీదైన డబ్బాలకు తీసిపోదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన పరిశీలన 2004లో వెలువడింది. ముప్పయ్యో ఏటికి అటూ ఇటూగా మధుమేహం బారిన, దాని ముందు దశ బారిన పడినవారి చిన్ననాటి లెక్కలు తీస్తే, వారు రెండేళ్లలోపు సన్నగానే ఉన్నారు. ఆ తరువాత పన్నెండేళ్ల దాకా వారి ఎత్తును మించి బరువు క్రమంగా పెరుగుతూ పోయింది. బక్కగా పుట్టిన బిడ్డకు తొలి రెండేళ్లలో సరైన పోషణ లేకపోవడం, ఆ తరువాత పొట్లాల తిండితో ఒళ్లు రావడం - ప్రమాదం ఈ రెంటి కలయికలో ఉంది. మన పల్లెల్లో నేడు జరుగుతున్నది సరిగ్గా ఇదే.

తల్లి ఆరోగ్యమే మొదటి మెట్టు

బిడ్డ బరువు గురించి ఆలోచించడం ప్రసవం తరువాత మొదలుపెడితే ఆలస్యమైనట్టే. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయినవారు తెలంగాణలో 23 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం. ఇంకా తానే ఎదుగుతున్న పిల్ల మరో ప్రాణిని మోస్తే, ఆ ఇద్దరి మధ్యా తిండి పంపకం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. ‘ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది’ అంటూ గర్భిణి కంచంలో కోత పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇది మానాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం, తెలంగాణ స్త్రీలలో 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. అధిక బరువున్న గర్భిణుల్లో గర్భకాలపు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. తల్లి రక్తంలో చక్కెర హెచ్చితే అది మావి ద్వారా బిడ్డకు చేరుతుంది. ఆ చక్కెరను అరిగించుకోవడానికి బిడ్డ శరీరం ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుని కొవ్వు పెంచుకుంటుంది. ఇటువంటి బిడ్డలు బొద్దుగా పుడతారు. అందరూ మురిసిపోతారు. కాని తరువాతి కాలంలో స్థూలకాయం, మధుమేహం వచ్చే ముప్పు వారిని వెన్నాడుతుంది. గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తరువాత చేసే రక్తపరీక్షను గర్భిణికి మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, ఆరో నెలలో మరోసారి చేయాలి. పరీక్షకు అరపూట పోతుందని, కూలి పోతుందని తప్పించుకోవడం మంచిది కాదు. భర్త వెంట వెళ్లి పరీక్ష చేయించడం ఆ కుటుంబానికే మేలు. పొగతాగే మగవారు గర్భిణి ఉన్న ఇంట్లో చుట్ట, బీడీ మానడం కూడా అవసరమే. గర్భకాలంలో పొగకు గురైన బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం సర్వసాధారణం.

ముర్రుపాలు, పాలడబ్బా

పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలన్నది వైద్యుల మాట. తెలంగాణలో అలా పట్టింది నూటికి 37 మందికే. ఆంధ్రప్రదేశ్‌లో 52 మందికి. తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు కత్తి కోతతో జరుగుతుండడం ఇందుకు ఒక కారణం. కోత కాన్పయినా తల్లికి స్పృహ ఉంటే, సాయం చేసే మనిషి ఉంటే, గంటలోపే బిడ్డను రొమ్ముకు ఆనించవచ్చు. ఆసుపత్రి సిబ్బంది ఓపిక చేసుకోకపోవడం వల్లనే చాలాచోట్ల పాలసీసా ముందు ప్రవేశిస్తోంది. పంచదార నీళ్లు, తేనె నాకించే అలవాటు కూడా ఇంకా పోలేదు. ముర్రుపాలు పిండి పారబోయడం బిడ్డకు దక్కవలసిన తొలి రక్షణను పారబోయడమే.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదు. తల్లిపాలు తాగే బిడ్డ కడుపు నిండగానే రొమ్ము వదిలేస్తుంది. సీసాతో పట్టేవారు సీసా ఖాళీ అయ్యేదాకా పట్టాలనుకుంటారు. తన ఆకలిని తానే గుర్తించే గుణాన్ని బిడ్డ ఇక్కడే పోగొట్టుకోవడం మొదలవుతుంది. డబ్బాపాలలో మాంసకృత్తుల పాలు ఎక్కువైతే ఏం జరుగుతుందో ఐరోపాలోని ఐదు దేశాల్లో పరీక్షించి చూశారు. ఆ పాలు తాగిన పిల్లలు ఆరేళ్లకు స్థూలకాయులు కావడం, తక్కువ మాంసకృత్తులున్న పాలు తాగినవారి కంటే రెట్టింపునకు పైగా ఉంది. తల్లిపాలు తాగితే స్థూలకాయం రానే రాదని కాదు. కాని తొలి నెలల్లో బరువు హడావుడిగా పెరగకుండా చూడడంలో వాటికి సాటి లేదు.

డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని, నమూనా డబ్బాలు ఉచితంగా పంచడాన్ని నిషేధిస్తూ దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. 2003లో దాన్ని సవరించి, రెండేళ్లలోపు పిల్లల తిండి ప్రచారాన్ని కూడా అడ్డుకున్నారు. ఈ చట్టం ఉన్నదన్న సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసు? ఎక్కడైనా బాలింత చేతిలో ఉచితంగా డబ్బా పెడితే అది చట్టవిరుద్ధమని ఆశా కార్యకర్తలు ప్రతి ఇంటికీ చెప్పాలి. వైద్యపరమైన కారణంతో డబ్బాపాలు తప్పనిసరి అయిన తల్లిని మాత్రం ఎవరూ నిందించరాదు. ఎంత కలపాలో, ఎప్పుడు ఆపాలో ఆమెకు వివరంగా చెప్పడం సిబ్బంది విధి.

రెండేళ్ల దాకా తీపి వద్దు

ఆరు నెలలు నిండగానే ఉగ్గు, పప్పుకట్టు కలిపిన మెత్తటి అన్నం, రాగిజావ, ఉడికించిన గుడ్డు, మెత్తగా చేసిన ఆకుకూర, పండు పెట్టాలి. ఇందులో తీపి కలపవలసిన అవసరమే లేదు. తియ్యటి పానీయాలు, చక్కెర, ఉప్పు మెండుగా ఉన్న తిండి రెండేళ్లలోపు పిల్లలకు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మరోసారి స్పష్టం చేసింది.

తొలినాళ్ల తీపి ఎంత దూరం వెంటాడుతుందో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. యుద్ధకాలంలో అక్కడ చక్కెరకు రేషన్ ఉండేది. 1953 సెప్టెంబరులో దాన్ని ఎత్తివేయగానే చక్కెర వాడకం ఇంచుమించు రెట్టింపయింది. రేషన్ రోజుల్లో కడుపున పడి, రెండేళ్లు దాటేదాకా తీపి తక్కువగా తిన్నవారిని, రేషన్ పోయిన తరువాత పుట్టినవారితో పోల్చి చూసి 2024లో ఫలితాలు ప్రకటించారు. రేషన్ కాలపు పిల్లలకు పెద్దవయసులో మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, రక్తపోటు ముప్పు సుమారు 20 శాతం తక్కువగా ఉన్నాయి. ఆ పిల్లలు పస్తులున్నవారు కారు. వారికి తగ్గింది చక్కెర.

ఇప్పుడు మన కిరాణా కొట్టు సంగతి చూద్దాం. ఒకప్పుడు పల్లె కొట్టులో పిల్లలకు దొరికేవి వేరుశనగలు, బెల్లపుచ్చు, మరమరాలు. నేడు గుమ్మానికి తోరణాల్లా వేలాడేవి చిప్సు పొట్లాలు, క్రీము బిస్కెట్లు, చాక్లెట్లు. ఐదు రూపాయలతో పిల్లవాడి ఏడుపు ఆగిపోతుంది. కూలికి వెళ్లే తల్లికి, ఇంట్లో పిల్లను చూసుకునే ముసలమ్మకు అంతకంటే సులువు దారి కనబడదు. మరో చిక్కు కూడా ఉంది. మొదటి పుట్టినరోజు దాటాక పిల్లలు తిండి తగ్గించడం సహజం. తొలి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడు రెట్లు పెరిగే బిడ్డ, రెండేళ్లు దాటాక ఏటా సుమారు రెండు కిలోలే పెరుగుతుంది. నడక వచ్చి, బొద్దుతనం కరిగి, ఐదారేళ్ల దాకా సన్నగా కనిపిస్తుంది. ఇది ప్రకృతి ధర్మం. ఇది తెలియక ‘పిల్ల చిక్కిపోయింది, అన్నం తినడం లేదు’ అని కంగారుపడి బిస్కెట్లు, తియ్యటి పాలు అలవాటు చేస్తున్నారు. పొట్లం తిన్న పిల్ల అన్నం ముందు మూతి తిప్పుకుంటుంది. అప్పుడు మరో పొట్లం విప్పుతారు. సన్నబడవలసిన వయసులో ఒళ్లు చేయడం మొదలైతే, పెద్దయ్యాక స్థూలకాయం నిలిచిపోయే ప్రమాదం పెరుగుతుంది.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో తయారీలోనే చక్కెర కలిసి ఉంటుంది. దానిపైన మళ్లీ పంచదార చల్లే అలవాటు మానితే మంచిది.

నిద్ర, ఆట, సెల్‌ఫోను

సెల్‌ఫోనులో బొమ్మలు చూపిస్తూ అన్నం తినిపించడం పల్లెల్లో కూడా పరిపాటి అయిపోయింది. బొమ్మల ధ్యాసలో ఉన్న బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. రెండేళ్లలోపు పిల్లలకు అసలు తెర చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలైనా కదలికతో గడపాలని, రెండేళ్ల దాకా రోజుకు 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలని కూడా చెప్పింది. పెద్దలు టీవీ ముందు పదకొండు దాకా కూర్చుంటే పిల్లల నిద్ర ఎలా సాగుతుంది? నిద్ర చాలని పిల్లల్లో బరువు పెరగడం ఎక్కువని పరిశీలనల్లో తేలింది. ఆడించడానికి వాకిలి, పరిగెత్తడానికి బడి మైదానం ఉన్నాయి. పైసా ఖర్చు లేని మందులివి.

తూకం ఒక్కటే చాలదు

అంగన్‌వాడీల మీద విమర్శలకు కొదవ లేదు. కాని అవి చేయగల మేలుకు రుజువు హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లోనే ఉంది. 1987-90 మధ్య అందులో 15 గ్రామాల్లో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. మిగతా 14 గ్రామాల్లో అప్పటికి ఆ పథకం లేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక 2003-05లో మళ్లీ పరీక్షించారు. తిండి అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వారి శరీరంలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఒంట్లో కొవ్వు మాత్రం ఎక్కువ కాలేదు. సరైన వేళ పెట్టిన తిండి ఎత్తుగా మారిందన్నమాట.

అందువల్ల అంగన్‌వాడీ భోజనాన్ని తేలికగా చూడరాదు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు పాలు, గుడ్డుతో ఒక పూట పూర్తి భోజనం ఏర్పాటైంది. ఆ భోజనం కేంద్రంలోనే కూర్చుని తినాలని నియమం పెట్టింది ఇందుకే. ఇంటికి తెస్తే అది నలుగురి కంచాల్లోకి పోతుంది.

అయితే యంత్రాంగం మార్చుకోవలసినది ఒకటుంది. నెలనెలా జరిగే తూకంలో చూసేది గీత కిందికి జారిన పిల్లలనే. గీతలు దాటి పైకి పోతున్న బిడ్డను ‘బాగుంది’ అని రాసి పంపేస్తున్నారు. పైగా బరువు ఒక్కటే చూస్తే మోసపోతాము. ఎత్తు ఎదగక బరువు మాత్రం సరిపోయిన బిడ్డ పటంలో ఆరోగ్యవంతుడిగానే కనిపిస్తాడు. 2018లో పోషణ్ అభియాన్ మొదలైనప్పటి నుంచి ఎత్తు కొలిచే పరికరాల మీద ప్రభుత్వం ఖర్చు చేస్తూనే ఉంది. పరికరం ఉన్న ప్రతి కేంద్రంలో ఎత్తు, బరువు రెండూ కొలిచి, ఒకదానితో ఒకటి సరిచూసి, ఫలితం తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. లేనిచోట ఇప్పించాలి. అలాగే అంగన్‌వాడీ, బడి గోడలకు ఆనుకుని చిరుతిళ్ల పొట్లాల అమ్మకం సాగకుండా గ్రామ పంచాయతీలు తీర్మానం చేయవచ్చు. ఇందుకు హైదరాబాద్ నుంచి ఉత్తర్వు రానక్కర లేదు.

పిల్లలను పస్తు పెట్టవద్దు

ఇదంతా చదివి ఎవరూ పిల్లల తిండికి కోత పెట్టరాదు. ఎదిగే బిడ్డకు నెయ్యి చుక్క, గుడ్డు, పప్పు, పాలు కావలసిందే. నేటికీ ఈ జిల్లాలో, రాష్ట్రంలో పెద్ద సమస్య చాలని తిండే. బిడ్డ బరువు మీద అనుమానం ఉంటే చేయవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించడం. సొంత వైద్యం, పథ్యం పనికిరావు. బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి నలుగురిలో వెక్కిరించడం మరీ అన్యాయం. ఆ ఒళ్లు వాడు కోరి తెచ్చుకున్నది కాదు.

నేరమంతా తల్లి మీద మోపడం కూడా సరికాదు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేసిన తండ్రి, గర్భిణి చేత నెలలు నిండేదాకా బరువులు మోయించిన అత్తింటివారు, కాన్పు గదిలో తొందరపడి సీసా అందించిన సిబ్బంది, పసివాడి చేతికి పొట్లం ఇచ్చే కొట్టు యజమాని - అందరికీ ఇందులో వాటా ఉంది. మొక్కై వంగనిది మానై వంగదని పెద్దలు ఊరికే అనలేదు. ముప్పయ్యేళ్లకే మధుమేహం మాత్రలు మింగుతున్న యువకులు నేడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి జబ్బుకు మందు ఖర్చు నెలనెలా కుటుంబమే భరిస్తోంది. వారి బిడ్డలకైనా ఆ గతి పట్టకుండా ఉండాలంటే గర్భిణి కంచం, బాలింత పక్క, పసివాడి గిన్నె మీద ఊరంతా కన్ను వేసి ఉంచాలి. వచ్చే నెల తూకం రోజున తమ బిడ్డ ఎత్తు ఎంతో, బరువు ఎంతో, రెండూ పొసిగాయో లేదో ప్రతి తల్లీ, తండ్రీ అంగన్‌వాడీ టీచరును అడిగి తెలుసుకోవాలి. అడిగినవారికి చెప్పే ఏర్పాటు చేయడం జిల్లా అధికారుల బాధ్యత.